అప్పు కాదమ్మా... వాటా!

“అక్కా, రెండు రూపాయల వడ్డీకి లక్షా అరవై వేలు సర్దగలరా?”

2023లో అధిక శ్రావణం రోజులు. వ్రతాలూ పేరంటాలూ లేవు కనక మధ్యాహ్నం పూట తీరిగ్గా ఓ కథ ముందేసుక్కూర్చున్నాను. అప్పుడు గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అడిగిన మాట ఇది. (పేరు రాయొద్దంది. కనక రాయడం లేదు.)

విజయనగరంలో మేముండే వీధి చివరిల్లు వాళ్లది. పార్వతీపురం వైపు నుంచి చోళ్లు, సామలు, కొర్రలు, గంటెలు తెప్పిస్తుంది. బాగు చేసి, వేయించి, పట్టించి దోసెల పిండి, అంబలి పిండి, పసిపిల్లలకి ఉగ్గు పిండి తయారుచేసి అమ్ముతుంది. ఐక్యరాజ్యసమితి 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమంది. దాంతో మన అమ్మమ్మల నాటి చోడి అంబలికి ఎక్కడలేని గిరాకీ వచ్చిపడింది. ఇబ్బందల్లా పిండిమరతోనే! ఆ మర పక్కనే మిరపకాయలు ఆడే మర. ఓసారి ఉగ్గు పిండికి కారం ఘాటు పట్టింది. పసివాడు నోరు మండి ఏడ్చాడంటూ ఓ తల్లి పాకెట్టు తెచ్చి మొహాన కొట్టినంత పని చేసిందట.

“సొంతంగా ఓ పల్వరైజరు, వేయించే డ్రమ్ము, పాకెట్లు సీలు చేసే మిషను ఉంటే చాలక్కా. కరెంటు మార్పించుకోవడంతో కలిపి లక్షా అరవై అవుతుంది” అంది.

అడగడానికి నా దగ్గరికే ఎందుకొచ్చిందో నాకు తెలుసు. నా పేరు మీద బ్యాంకులో ఆరు లక్షలున్నాయని వీధి వీధంతటికీ తెలుసు మరి!

ఆ ఆరు లక్షల వెనక...

అది మా నాన్నగారి తరఫు పిత్రార్జితంలో నా వాటా. మా అమ్మకి మాత్రం పుట్టింటి పొలంలో సెంటు భూమి కూడా రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకి పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ చేసిన చట్టం 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాల కంటే మనమే ముందు. కానీ అందులో ఓ మెలిక... అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకి ఆ హక్కు లేదు. మా అమ్మ పెళ్లి 1983లో జరిగింది. రెండేళ్ల తేడాలో ఆవిడ వాటా ఎగిరిపోయింది! తర్వాత 2005లో కేంద్ర చట్టం మారి, పెళ్లయినా కాకపోయినా కూతురికి సమానమేనంది. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చి చెప్పింది. నాన్నగారు పోయాక, 2022లో పొలం అమ్మినప్పుడు అన్నయ్య పేచీ పెట్టకుండా నా భాగం నాకిచ్చాడు.

ఇంతా చేసి, ఆ డబ్బుతో నేనేం చేశాను? మావారు చూపించిన చోట సంతకం పెట్టి ఫిక్సెడ్ డిపాజిట్ చేశాను. బీయే చదివాను. కథల్లో ఆడవాళ్ల చేత తిరుగుబాట్లు చేయించాను. నా డబ్బు దగ్గరకి వచ్చేసరికి మాత్రం “మీరెలా అంటే అలాగే” అనేశాను. మనలో చాలామంది సంగతి ఇంతే కదూ! హక్కు చట్టం ఇచ్చింది. దాన్ని వాడుకునే ధైర్యం ఎవరివ్వాలి?

ఒకసారి చెయ్యి కాలింది

ఆ అమ్మాయికి వెంటనే సరేననలేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అంతకు ఆరేళ్ల ముందు, మా దగ్గరి బంధువు ఒకావిడ ఇంట్లోనే చీరల వ్యాపారం పెడతానంటే అరవై వేలు చేబదులిచ్చాను. కాగితం లేదు, గడువు లేదు. “మన మనిషే కదా” అనుకున్నాను. చీరలు తీసుకున్నవాళ్లు వాయిదాల్లో ఇస్తామని ఎగ్గొట్టారు. వ్యాపారం మూతపడింది. డబ్బు పోయినందుకు అంత బాధలేదు. ఇప్పటికీ ఏ పెళ్లిలోనైనా ఎదురుపడితే ఆవిడ తల పక్కకి తిప్పుకుంటుంది. అదీ బాధ!

తర్వాత ఆలోచిస్తే నా తప్పేమిటో అర్థమైంది. డబ్బిచ్చి చేతులు దులుపుకున్నాను. ఎంతకి కొంటోంది, ఎంతకి అమ్ముతోంది, ఎవరెంత బాకీ ఉన్నారని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే ఏమనుకుంటుందోనని మొహమాటం. ఆ మొహమాటమే ఇద్దర్నీ ముంచింది.

అందుకే ఈసారి రాత్రి భోజనాల దగ్గర మావారికి చెప్పాను. ఆయన పెరుగు కలుపుకుంటూ ఒకే ఒక్క మాటడిగారు. “ధర్మానికిస్తున్నావా? వ్యాపారానికిస్తున్నావా? ముందది తేల్చుకో.”

కోపం వచ్చింది కానీ, సమాధానం మాత్రం రాలేదు.

బాబాయి చెప్పిన కిటుకు

మర్నాడు బ్యాంకు మేనేజరుగా రిటైరైన మా బాబాయిగారింటికి వెళ్లాను. అంతా విని, “ఆ అమ్మాయికి ఇప్పటికే బాకీలేమైనా ఉన్నాయా?” అన్నారు. ఉన్నాయి. పొదుపు సంఘం అప్పొకటి, ముద్ర లోను ఒకటి. రెండూ నెలనెలా కడుతోంది.

“మూడో అప్పు నువ్విస్తే ఏమవుతుందో తెలుసా? రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి మూడు వేల రెండొందలు. మిషను బిగించకముందే వడ్డీ మొదలవుతుంది. పిండి అమ్ముడైనా కాకపోయినా ఒకటో తారీఖు ఆగదు. ఆమె నీ వడ్డీ కోసం సరుకు తగ్గించుకుంటుంది. అప్పు ఇవ్వకమ్మా. వాటా తీసుకో. లాభం వస్తే నీకూ భాగం, నష్టం వస్తే నీకూ భాగం.”

ఆయన మాటల్లో నిజం మన కళ్లముందు జరిగినదే. 1990లలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచి పొదుపు సంఘాలు కట్టారు. నాబార్డు 1992లో సంఘాలకి బ్యాంకు అప్పులిప్పించే పని మొదలుపెట్టింది. ఎందరో ఇల్లాళ్లు మొదటిసారి బ్యాంకు మెట్లెక్కింది అప్పుడే. ఆ మేలు చిన్నది కాదు. కానీ అప్పు ఎంత మంచిదైనా అప్పే. 2010లో మైక్రోఫైనాన్స్ సంస్థల వారం వారం వాయిదాలు కట్టలేక పల్లెల్లో ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చిందో మనం మరిచిపోలేదు. గేదెని కొనుక్కున్నామె అది ఈనేదాకా ఆగగలదు. వాయిదా ఆగదు కదా!

ఇలా వాటా తీసుకుని, మొదటి రోజుల్లోనే డబ్బు పెట్టే మనిషిని వ్యాపార ప్రపంచంలో ‘ఏంజెల్ ఇన్వెస్టర్’ అంటారని బాబాయే చెప్పారు. నాకు నవ్వొచ్చింది. నేనేమిటి, దేవదూతనేమిటి! ఈ మాట అమెరికాలో బ్రాడ్‌వే నాటకాల నుంచి వచ్చిందట. నాటకం ఆడుతుందో లేదో తెలియకుండానే డబ్బు పెట్టే మారాజుల్ని అక్కడ ఏంజెల్స్ అనేవారు. ఆ పేరే వ్యాపారాలకీ వచ్చింది.

మన ఇళ్లలో ఉన్న దేవదూతలు

ఆలోచిస్తే ఇది మనకి తెలియని విద్యేం కాదు. 1981లో ఇన్ఫోసిస్ మొదలుపెట్టడానికి నారాయణమూర్తిగారికి పదివేల రూపాయలిచ్చింది ఎవరు? సుధామూర్తిగారు. తన జీతంలోంచి దాచుకున్న పదివేల రెండొందల యాభైలో రెండొందల యాభై అట్టేపెట్టుకుని మిగిలిందంతా ఇచ్చానని ఆవిడే ఎన్నోసార్లు చెప్పారు. ఈ కథ మనందరికీ తెలుసు. కానీ ఎలా చెప్పుకుంటాం? ‘భార్య త్యాగం’ అని. అదే డబ్బు ఓ స్నేహితుడిచ్చి ఉంటే ‘మొదటి పెట్టుబడిదారు’ అనేవాళ్లం కాదూ? ఆడది ఇస్తే త్యాగం, మగవాడిస్తే పెట్టుబడి! పేరులోనే తేడా ఉంది చూడండి.

మరి ఆడవాళ్ల వ్యాపారానికి ఎవరిచ్చారు? 1978లో బెంగుళూరులో పాతికేళ్ల కిరణ్ మజుందార్ పదివేల పెట్టుబడితో అద్దె గ్యారేజీలో బయోకాన్ మొదలుపెడితే, ఆడపిల్ల, పైగా చిన్నవయసు, ఎవరికీ తెలియని వ్యాపారం అని బ్యాంకులు వెనకాడాయి. 1959లో బొంబాయి గిర్‌గాంలో ఏడుగురు ఇల్లాళ్లు మేడమీద అప్పడాలు వత్తడం మొదలుపెట్టారు. అదే ఇవాళ్టి లిజ్జత్ పాపడ్. వాళ్లకి ఎనభై రూపాయలు అప్పిచ్చిన ఛగన్‌లాల్ పారేఖ్ అనే పెద్దాయన డబ్బుతో ఊరుకోలేదు. లెక్కలు సరిగ్గా రాయమన్నారు, దీన్ని వ్యాపారంగానే నడపమన్నారు. ఆ సంస్థలో పనిచేసే ప్రతి ఆడమనిషీ లాభనష్టాల్లో భాగస్థురాలే. డబ్బుతో పాటు బుద్ధీ, శ్రద్ధా పెట్టడమే అసలు సాయమని నాకు దాంతో తెలిసింది.

తెలంగాణ ప్రభుత్వం ఆడవాళ్ల వ్యాపారాలకి దన్నుగా 2018లో హైదరాబాదులో ‘వి హబ్’ పెట్టింది. బుద్ధి చెప్పేవాళ్లూ, దారి చూపేవాళ్లూ ఇదివరకటి కంటే దొరుకుతున్నారు. కానీ మొదటి లక్ష ఇచ్చే మనిషి? అక్కడే చాలామంది ఆగిపోతున్నారు. మన దగ్గర డబ్బు లేకనా? బంగారం కొంటాం, చీటీలు కడతాం, డిపాజిట్లు వేస్తాం. చీటీ వేసేటప్పుడు ఎవరు నికరంగా కడతారో, ఎవరు పాడుకుని మాయమవుతారో మొహం చూసి చెప్పెయ్యగలం. మనిషిని అంచనా వెయ్యడంలో మనకి మించిన వాళ్లున్నారా? ఆ తెలివిని ఓ ఆడమనిషి వ్యాపారం మీద పెట్టడానికే మనకి చెయ్యి రాదు!

కాగితం మీద పెట్టాం

మర్నాడు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, “అప్పు ఇవ్వను. వాటా ఇస్తావా?” అన్నాను. ఆమె బిక్కచచ్చిపోయింది. “అంటే కొట్టు మీదైపోతుందా అక్కా?” అంది. ఆ భయం న్యాయమైందే. అందుకే అన్నీ కాగితం మీద పెట్టుకున్నాం.

ముందుగా ఏ పద్ధతి? ఒక్కరి పేరున నడిచే కొట్టులో వాటా తీసుకోవడానికి వీల్లేదు. మామూలు భాగస్వామ్యం పెట్టుకోవచ్చు కానీ, 1932 నాటి ఆ చట్టం ప్రకారం వ్యాపారం మునిగితే బాకీలవాళ్లు భాగస్థుల సొంత ఆస్తి మీదికీ రావచ్చు. లక్షా అరవై పెట్టి ఇంటిమీదికి తెచ్చుకోవడమా! ఆడిటరు గారి సలహా మీద ‘ఎల్.ఎల్.పి.’ పెట్టాం. 2008 చట్టంతో వచ్చిన పద్ధతి ఇది. ఇందులో మనం పెట్టినంత వరకే మన బాధ్యత. అయితే ఏటా లెక్కలు దాఖలు చెయ్యాలి. ఆలస్యమైతే రుసుం తప్పదు. వ్యాపారం పెద్దదైతే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి షేర్లు తీసుకోవచ్చు. అలాంటి చిన్న కంపెనీలకి వచ్చిన పెట్టుబడి మీద 2012 నుంచి ‘ఏంజెల్ ట్యాక్స్’ అని ఓ గుదిబండ ఉండేది. 2024 బడ్జెట్‌లో దాన్ని ఎత్తేశారు.

తర్వాత, ఎంత వాటా? ఆమె సామాన్లు, సరుకు, మూడేళ్లలో తెచ్చుకున్న పేరు, అన్నీ లెక్కవేసుకుని నాకు నూటికి పాతిక అనుకున్నాం. “పాతికేనా?” అన్నారు మావారు. “పొద్దున్నే నాలుగింటికి లేచేది ఆమె. నేను కాదు” అన్నాను. లాభం లెక్క తీసేముందు ఆమెకి నెలకి పన్నెండు వేలు జీతం. ప్రతి నెలా అయిదో తారీఖున నాకు లెక్క చూపించాలి. బ్రాండు పేరు ఆమెదే. నేను తప్పుకోవాలనుకుంటే ముందుగా నా వాటా ఆమెకే అమ్మాలి. తయారీ విషయంలో నేను వేలు పెట్టకూడదు. ఈ చివరిది ఆమె రాయించింది. మంచి పని చేసింది!

పురుగు పట్టిన రోజు

మిషను వచ్చింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. ఇక అంతా శుభమే అనుకున్నాను. డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫాను వచ్చింది. నాలుగు రోజులు ముసురు. చోళ్లు సరిగ్గా ఎండలేదు. ఆర్డర్లున్నాయని తొందరపడి ఆడించి పాకెట్లు కట్టేసింది. నెల తిరక్కుండా గంటస్తంభం దగ్గరి కొట్లనుంచి ఒకదాని వెనక ఒకటి తిరిగొచ్చాయి... మూడువందల నలభై పాకెట్లు! పిండిలో పురుగులు.

నేను మండిపడ్డాను. “నా డబ్బు” అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ అమ్మాయి ఏడవలేదు, సాకులు చెప్పలేదు. లెక్కల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, “తప్పు నాదే అక్కా. ఎంత పోయిందో మొత్తం ఇందులో ఉంది” అంది. చీరల వ్యాపారం ఆవిడ గుర్తొచ్చింది. ఆ రోజు ఇలాంటి పుస్తకం మా ఇద్దరి మధ్యా ఉండి ఉంటే ఇవాళ ఆవిడ తల తిప్పుకోవలసిన అవసరం ఉండేదా?

ఇద్దరం కూర్చున్నాం. వానాకాలంలో కొద్దికొద్దిగానే ఆడించాలనీ, వేయించాక పూర్తిగా చల్లారితే తప్ప పాకెట్టు కట్టకూడదనీ, ప్రతి పాకెట్టు మీదా తయారైన తేదీ కొట్టొచ్చినట్టు కనబడాలనీ తేల్చుకున్నాం. పాకెట్లు వెనక్కిచ్చిన కొట్లకి ఇద్దరం వెళ్లి క్షమాపణ చెప్పి కొత్త సరుకిచ్చాం. నేను అలా కొట్టు మెట్లెక్కి వ్యాపారం మాట్లాడటం జీవితంలో అదే మొదలు. కాళ్లు వణికాయి, నిజం చెప్పొద్దూ!

2024 మార్చికి లెక్క తేలిస్తే పద్దెనిమిది వేలు నష్టం. నా వంతుకి నాలుగున్నర వేలు. 2025 మార్చికి యాభై ఆరు వేల ఎనిమిదొందలు లాభం. నా వంతుకి పద్నాలుగు వేల రెండొందలు. చెక్కు మావారి చేతిలో పెట్టాను. ఆయన లెక్కల మనిషి. “బ్యాంకులో ఉంచితే ఈ ఏడాదిన్నరకి పదహారు వేల పైచిలుకు వచ్చేది” అన్నారు. నిజమే. కాదనలేదు. “కానీ బ్యాంకు ఇద్దరు ఆడవాళ్లకి పనివ్వలేదుగా” అన్నాను. ఆ అమ్మాయి దగ్గర ఇప్పుడు ఇద్దరు పనిచేస్తున్నారు. ఆయన నవ్వేసి, చెక్కు వెనక్కిచ్చి, “నీ ఖాతాలోనే వేసుకో” అన్నారు.

మీరూ ఆలోచిస్తున్నారా?

అయితే నా అనుభవంలోంచి నాలుగు మాటలు. పోయినా ఇల్లు గడవడానికి ఇబ్బంది లేనంత డబ్బే పెట్టండి. పిల్లల ఫీజులు, వైద్యానికి దాచినది ముట్టుకోవద్దు. నేను ఆరులో లక్షా అరవైకి మించి కదపలేదు. కొత్త వ్యాపారాల్లో నిలబడేవాటికంటే మూతపడేవే ఎక్కువని పెట్టే ముందే మనసుకి చెప్పుకోండి. ఒక్కరే పెట్టలేకపోతే నలుగురు స్నేహితురాళ్లు కలవండి. మనిషినే కాదు, లెక్కల పుస్తకాన్నీ చూడండి. పుస్తకం చూపించడానికి తటపటాయించేవారికి నమస్కారం పెట్టేసి వచ్చెయ్యండి. ఎంత దగ్గరి మనిషైనా కాగితం రాసుకోండి. దగ్గరితనం నిలబడేది దానివల్లే. ఇంకొక్కటి... “నెలకింత తప్పకుండా ఇస్తాం, పదిమందిని చేర్పిస్తే ఇంకా ఇస్తాం” అనేవాళ్లు మీ వాటా కోసం రాలేదు, మీ డబ్బు కోసం వచ్చారు. వాటాలో ‘తప్పకుండా’ అనే మాటే ఉండదు.

మొన్న సంక్రాంతికి అమ్మ వచ్చింది. సాయంత్రం చివరింటికి వెళ్లి, మిషను ఆడుతుంటే చాలాసేపు చూసింది. రాత్రి పడుకునే ముందు నెమ్మదిగా అడిగింది. “ఆ పిండి కంపెనీలో ఇంకెవర్నయినా చేర్చుకుంటారుటే? నా దగ్గర పాతిక వేలున్నాయి.”

“పోతే ఎలా అమ్మా?” అన్నాను.

“పోతే పోనీ. వాటా అన్న కాగితం మీద నా పేరు ఎక్కడా లేదు. ఒక్కసారి చూసుకోవాలని ఉంది.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి ఆ అమ్మాయితో మాట్లాడాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, “అమ్మగారికీ అయిదో తారీఖున లెక్క చూపిస్తా. కానీ ఆవిడ కూడా తయారీలో వేలు పెట్టకూడదు!” అంది.

ఆడిటరు గారు కాగితాలు సిద్ధం చేస్తున్నారు. అమ్మ పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయమన్నాం.